మెనోపాజ్‌లో పెరిగే కొలెస్ట్రాల్‌కు ఫ్లేవనాయిడ్లను ఎలా వాడుకోవాలి

నలభై అయిదు దాకా ఎప్పుడు పరీక్ష చేయించినా కొలెస్ట్రాల్ మామూలుగానే ఉంటుంది. ఆ తర్వాత నెలసరి గాడి తప్పడం మొదలవుతుంది. రెండు మూడేళ్లు తిరిగేసరికి రిపోర్టులో చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ అంకె పక్కన "హై" అని పడుతుంది. తిండి మారలేదు, బరువూ పెద్దగా పెరగలేదు, మరి ఇదెక్కడిది అని టెన్షన్. నలుగురికి చెప్పగానే ఒకరు గ్రీన్ టీ తాగమంటారు, ఇంకొకరు సోయా క్యాప్సూల్స్ వేసుకోమంటారు. మొక్కల్లో ఉండే ఫ్లేవనాయిడ్లు కొలెస్ట్రాల్‌ను కరిగించేస్తాయన్న ప్రచారం అంతటా ఉంది. అవి దేన్నీ కరిగించవు. అలాగని దండగా కాదు. తిండి రూపంలో, సరైన చోట పెట్టుకుంటే కొంత దించుతాయి. ఆ కొంత ఎంతో ముందే తెలిస్తే డబ్బూ పోదు, నిరాశా ఉండదు.

ముందుగా ఒంట్లో ఏం మారిందో తెలుసుకోండి

రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్‌ను వెనక్కి లాక్కునే పని లివర్‌ది. అందుకోసం లివర్ కణాల మీద రిసెప్టర్లు ఉంటాయి. వీటిని తలుపులు అనుకోండి. ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ బాగా ఉన్నంతకాలం ఈ తలుపులు ఎక్కువగా ఉంటాయి. మెనోపాజ్‌లో అది తగ్గగానే ఇవీ తగ్గుతాయి, లోపలికి పోవాల్సిన ఎల్‌డీఎల్ రక్తంలోనే ఉండిపోతుంది. దీనికితోడు కొవ్వు తొడలు, తుంటి దగ్గర కాకుండా పొట్టలో చేరడం మొదలవుతుంది. పొట్టలో కొవ్వు పెరిగితే లివర్ కొవ్వును మోసే వీఎల్‌డీఎల్ అనే కణాలను మరింతగా తయారు చేసి వదులుతుంది, అలా రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులూ పెరుగుతాయి.

అమెరికాలో వేలమంది మహిళలను ఏళ్ల తరబడి గమనించిన స్వాన్ అనే అధ్యయనం ఉంది. 2009లో వచ్చిన దాని ఫలితాల ప్రకారం మొత్తం కొలెస్ట్రాల్, ఎల్‌డీఎల్, దాని కణాల మీద ఉండే అపోబీ అనే ప్రొటీన్, ఈ మూడూ చివరి నెలసరికి అటూ ఇటూ ఒక ఏడాది వ్యవధిలోనే గట్టిగా పెరుగుతాయి. బీపీ, ఇన్సులిన్ లాంటివి మాత్రం వయసుతోపాటు నిదానంగా మారతాయి. అంటే ఎల్‌డీఎల్ పెరుగుదల వయసు వల్ల వచ్చిందని కొట్టిపారేయడానికి లేదు, అది మెనోపాజ్ చేసిన పనే. సగటున 10 నుంచి 15 శాతం దాకా పెరుగుతుంది. కాబట్టి మీరేదో తప్పు తిన్నారని మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు.

మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ గురించి ఒక్క మాట. అది ఎక్కువగా ఉంది కదా అని ధీమాగా ఉండేవాళ్లు ఉంటారు. ఈ దశలో హెచ్‌డీఎల్ అంకె బాగానే కనిపించినా అది చేసే రక్షణ పని మునుపటిలా ఉండకపోవచ్చు. ఆ ఒక్క అంకె చూసి మిగతావి వదిలేయకండి.

రిపోర్టు చేతిలోకి తీసుకోండి

ఏం తినాలో ఆలోచించే ముందు ఇప్పుడు ఎక్కడున్నారో కాగితం మీద ఉండాలి. లిపిడ్ ప్రొఫైల్ అనే కొలెస్ట్రాల్ రక్తపరీక్ష చేయించి, రిపోర్టు పైన చివరి నెలసరి తేదీ పెన్నుతో రాసి పెట్టుకోండి. నెలసరి ఇంకా అప్పుడప్పుడూ వస్తుంటే ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే నెలలో ఏ రోజున రక్తం ఇచ్చారన్నదాన్ని బట్టి కూడా కొలెస్ట్రాల్ కొద్దిగా మారుతుంది. జ్వరం వచ్చి తగ్గిన వెంటనే పరీక్షకు వెళ్లొద్దు, అప్పుడు అంకెలు ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తాయి.

చాలా ల్యాబులు ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవవు, లెక్కగట్టి ఇస్తాయి. మొత్తం కొలెస్ట్రాల్ 228, హెచ్‌డీఎల్ 52, ట్రైగ్లిజరైడ్లు 150 అనుకుందాం. 150ని 5తో భాగిస్తే 30. 228 నుంచి 52 తీసేసి, ఇంకో 30 తీసేస్తే 146. అదీ మీ ఎల్‌డీఎల్. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ లెక్క చెల్లదు, నేరుగా కొలిచే పరీక్ష అడగాలి. నాన్-హెచ్‌డీఎల్ అనేది ఇంకా తేలిక, 228 నుంచి 52 తీసేస్తే 176. ట్రైగ్లిజరైడ్లు కూడా పెరిగే ఈ వయసులో ఎల్‌డీఎల్ కంటే ఈ అంకెనే నమ్ముకోవడం మంచిదని నా అభిప్రాయం. సాధారణంగా ఎల్‌డీఎల్‌కు ఎంత లక్ష్యం పెట్టుకుంటే దానికి 30 కలిపినంత దీనికి పెట్టుకుంటారు.

ఇదే రక్తంతో టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష కూడా చేయించండి. థైరాయిడ్ మందగిస్తే ఎల్‌డీఎల్ పెరుగుతుంది. ఈ వయసు మహిళల్లో అది మామూలే. అలసట, బరువు, నిద్ర పట్టకపోవడం అన్నీ మెనోపాజ్ ఖాతాలో వేసి థైరాయిడ్‌ను మర్చిపోతుంటారు. అసలు కారణం అదైతే ఎంత సోయా తిన్నా ప్రయోజనం లేదు. ఎల్‌డీఎల్‌ను పోలిన లైపోప్రోటీన్-ఎ అనే కణాన్ని కొలిచే పరీక్ష జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలంటారు. అది చాలావరకు వంశపారంపర్యం, తిండితో దిగదు, కానీ ఉందని తెలిస్తే మిగతా అంకెల విషయంలో డాక్టర్ ఇంకాస్త గట్టిగా ఉంటారు.

కొందరు ఇక్కడే ఆగి, ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఎల్‌డీఎల్ 190 లేదా ఆపైన ఉన్నవాళ్లు, ట్రైగ్లిజరైడ్లు 500 దాటినవాళ్లు, షుగర్ లేదా గుండె జబ్బు ఉన్నవాళ్లు, 40 ఏళ్లలోపే మెనోపాజ్ వచ్చినవాళ్లు ఆ కోవలోకి వస్తారు. వీళ్లకు తిండి మార్పు మందులకు తోడుగానే ఉంటుంది, వాటి బదులు కాదు.

సోయాతో మొదలుపెట్టండి, క్యాప్సూల్‌తో కాదు

ఫ్లేవనాయిడ్లలో చాలా రకాలు ఉన్నాయి. మెనోపాజ్ అనగానే ముందు వినిపించేవి ఐసోఫ్లేవోన్లు, అంటే సోయాలో ఉండే జెనిస్టీన్, డైడ్జీన్. వీటి ఆకారం ఈస్ట్రోజెన్‌ను పోలి ఉంటుంది. ఒంట్లో ఈస్ట్రోజెన్ రిసెప్టర్లు ఆల్ఫా, బీటా అని రెండు రకాలు. ఐసోఫ్లేవోన్లు ఎక్కువగా బీటాకే అతుక్కుంటాయి, అదీ బలహీనంగా. అందుకే అసలు హార్మోన్ చేసే పనులన్నీ ఇవి చేస్తాయనుకోకూడదు.

సోయా కథ కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే మార్కెట్‌లో ఉన్న గందరగోళమంతా ఇందులోనే ఉంది. 1995లో 38 ప్రయోగాలను కలిపి చూసిన ఒక విశ్లేషణలో సోయా ప్రొటీన్ వల్ల ఎల్‌డీఎల్ దాదాపు 13 శాతం తగ్గినట్టు తేలింది. దాని ఊపులో 1999లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, రోజుకు 25 గ్రాముల సోయా ప్రొటీన్ గుండెకు మేలు చేస్తుందని ప్యాకెట్ల మీద రాసుకోవడానికి అనుమతి ఇచ్చింది. తర్వాత జరిగిన మెరుగైన ప్రయోగాల్లో ఆ 13 కాస్తా 3, 4 శాతానికి పడిపోయింది. 2017లో ఎఫ్‌డీఏనే ఆ అనుమతి వెనక్కి తీసుకోవాలని ప్రతిపాదించింది. ఇంకో సంగతి కూడా బయటపడింది. ఐసోఫ్లేవోన్లను విడదీసి మాత్రలుగా ఇస్తే ఎల్‌డీఎల్‌లో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. పని చేస్తున్నది ఎక్కువగా సోయా ప్రొటీన్, పైగా దానివల్ల కంచంలోంచి తప్పుకున్న కొవ్వు మాంసం, వెన్న లాంటివి.

కాబట్టి సోయాను అదనంగా వేసుకోవద్దు, దేనికో బదులుగా పెట్టుకోండి. వారంలో ఎక్కువ రోజులు ఒక పూట కొవ్వు ఎక్కువున్న మాంసం లేదా చీజ్ బదులు టోఫూ (సోయా పనీర్), ఉడికించిన సోయా గింజలు, సోయా చంక్స్ తినండి. 50 గ్రాముల పొడి సోయా చంక్స్‌లో సుమారు 25 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. ఒక పెద్ద గ్లాసు సోయా పాలలో 7 గ్రాముల దాకా ఉంటుంది, చక్కెర కలపనిది చూసి తీసుకోండి. సోయా నూనెలో, సోయా సాస్‌లో ఐసోఫ్లేవోన్లు నామమాత్రమే. అవి వాడుతూ సోయా తింటున్నాం అనుకోవద్దు. ప్రొటీన్ పౌడర్ల తయారీలో ఆల్కహాల్‌తో కడిగితే ఐసోఫ్లేవోన్లు చాలావరకు కొట్టుకుపోతాయి, డబ్బా మీద ఆ విషయం రాయరు. గింజగా, టోఫూగా తినడమే మేలు.

ఒకే తిండి తిన్న ఇద్దరికి ఫలితం ఒకేలా రాకపోవడానికి ఒక కారణం పేగుల్లో ఉంటుంది. డైడ్జీన్‌ను ఈక్వాల్ అనే మరింత చురుకైన పదార్థంగా మార్చే బ్యాక్టీరియా అందరిలోనూ ఉండదు. పాశ్చాత్య దేశాల్లో సుమారు 25 నుంచి 30 శాతం మందిలో, జపాన్, చైనా, కొరియాల్లో సగం మందికి పైగా ఇది జరుగుతుంది. మీరు ఏ గుంపులో ఉన్నారో ఇంట్లో తెలుసుకోలేరు. అందుకే పక్కింటావిడకు పనిచేసిందన్న మాటకు పెద్ద విలువ ఇవ్వకండి.

టీ, కోకో విషయంలో అంచనాలు తగ్గించుకోండి

గ్రీన్ టీలోని క్యాటెచిన్లు అనే ఫ్లేవనాయిడ్లు పేగులో కొలెస్ట్రాల్ పీల్చుకోవడాన్ని కొంత అడ్డుకుంటాయి. 14 ప్రయోగాలను కలిపి 2011లో చేసిన విశ్లేషణలో మొత్తం కొలెస్ట్రాల్ సుమారు 7 పాయింట్లు, ఎల్‌డీఎల్ 2 పాయింట్లు తగ్గాయి. అవును, రెండే. 146 ఉన్నది 144 అవుతుంది. టీ ఇష్టమైతే తాగండి, కొలెస్ట్రాల్ మందు అనుకుని మాత్రం ముఖం చిట్లించుకుంటూ మింగక్కర్లేదు.

గుండె ఆరోగ్యం కోసం క్యాటెచిన్లు, వాటి కుటుంబానికి చెందిన ఫ్లేవనాల్స్ రోజుకు 400 నుంచి 600 మిల్లీగ్రాములు తిండి ద్వారా అందేలా చూసుకోమని 2022లో ఒక నిపుణుల బృందం సూచించింది. టీ, యాపిల్, బెర్రీలు, కోకో కలిపి ఆ మోతాదు అందుతుంది. టీ కోసం నీళ్లు కళపెళా మరిగాక దించి రెండు మూడు నిమిషాలు ఆగండి, అప్పుడు ఆకు వేసి మూడు నిమిషాలు నాననివ్వండి. చక్కెర వద్దు. బ్లాక్ టీలో క్యాటెచిన్లు రూపం మారిపోతాయి గానీ అదీ లెక్కలోకే వస్తుంది.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. మెనోపాజ్‌కు ముందు రెండు మూడేళ్లు చాలామందికి రక్తస్రావం విపరీతంగా అవుతుంది, ఐరన్ తగ్గిపోతుంది. భోజనంతో పాటు టీ తాగితే మొక్కల ఆహారంలోని ఐరన్ సరిగా ఒంటబట్టదు. తిండికి, టీకి మధ్య కనీసం గంట ఎడం ఉంచండి. ఐరన్ మాత్ర వేసుకునేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం.

కోకో మీద 21 వేలమందికి పైగా వృద్ధులతో జరిగిన కాస్మోస్ ప్రయోగం ఫలితాలు 2022లో వచ్చాయి. రోజుకు 500 మిల్లీగ్రాముల కోకో ఫ్లేవనాల్స్ ఇచ్చారు. గుండె, రక్తనాళాల సమస్యలన్నీ కలిపి చూస్తే తగ్గుదల కచ్చితంగా ఉందని చెప్పలేనంత చిన్నది. ఆ జబ్బులతో మరణాలు మాత్రం తక్కువగా నమోదయ్యాయి. వాళ్లకిచ్చినది క్యాప్సూల్, చాక్లెట్ కాదు. చాక్లెట్ బార్ తింటే చక్కెర, కొవ్వు ముందు వస్తాయి. కోకో పొడి కొంటే ఆల్కలీతో శుద్ధి చేసినది కాకుండా చూడండి, ఆ ప్రక్రియలో ఫ్లేవనాల్స్ చాలావరకు పోతాయి. ముదురు నలుపు రంగు, చేదు లేకపోవడం దాని గుర్తులు.

పండ్లు, కూరగాయలు ఎలా తింటున్నారో చూసుకోండి

కొత్తగా కొనాల్సినదేమీ ఉండదు. పారేస్తున్నది ఆపడమే పని. యాపిల్‌లో క్వెర్సెటిన్ అనే ఫ్లేవనాయిడ్ దాదాపు అంతా తొక్కలోనే ఉంటుంది. ఉల్లిపాయకు పై పొరల్లో ఎక్కువ. ఎండిన పొట్టు తీస్తూ దానితోపాటు రెండు మంచి పొరలు కూడా ఒలిచేసే అలవాటు చాలామందికి ఉంటుంది, అక్కడే కొంత పోతుంది. ఉడికించి నీళ్లు పారబోస్తే ఇంకొంత పోతుంది. నారింజలో హెస్పెరిడిన్ అనే ఫ్లేవనాయిడ్ ఎక్కువగా ఉండేది తొనల మీది తెల్లటి పీచులో, శ్రద్ధగా గిల్లి పారేసే ఆ భాగంలోనే. జ్యూస్ తీస్తే అదీ, పీచూ చాలావరకు పోయి ఎక్కువగా చక్కెర నీళ్లే మిగులుతాయి. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నవాళ్లకు జ్యూస్ అసలు వద్దు.

కొలెస్ట్రాల్ కొద్దిగా ఎక్కువున్న 40 మందికి రోజూ రెండు యాపిల్స్ చొప్పున 8 వారాలు ఇచ్చిన ప్రయోగంలో, యాపిల్ రుచి పానీయంతో పోలిస్తే ఎల్‌డీఎల్ 4 శాతం లోపు తగ్గింది. అందులో ఫ్లేవనాయిడ్ల వాటా ఎంత, పెక్టిన్ పీచు వాటా ఎంత అన్నది విడదీయడం కష్టం. తినేవాళ్లకు ఆ లెక్కతో పనిలేదు కూడా. ఊదా, ముదురు ఎరుపు రంగు పండ్లలో ఉండే ఆంథోసయనిన్ల ప్రభావమూ ఇలాగే ఉన్నంతలో ఉంటుంది. తాజావి దొరక్కపోతే ఫ్రీజ్ చేసినవి వాడండి, పెద్ద తేడా లేదు.

క్యాటెచిన్ల లాంటివి రక్తంలో కొన్ని గంటలే ఉంటాయి. ఆదివారం ఒక్కరోజు గిన్నెడు పండ్లు తిని వారమంతా ఊరుకుంటే లాభం లేదు. కొంచెం కొంచెంగా ప్రతి పూటా ఉండాలి. ప్యాకెట్ల మీద యాంటీ ఆక్సిడెంట్ స్కోరు అంటూ వేసే అంకెలను చూసి మోసపోకండి. టెస్ట్ ట్యూబులో కొలిచిన ఆ శక్తికి, ఒంట్లో జరిగేదానికి పొంతన లేదు. అందుకే అమెరికా వ్యవసాయ శాఖ అలాంటి స్కోర్ల పట్టికను 2012లో తన వెబ్‌సైట్ నుంచి తీసేసింది.

వీటి పక్కన పీచు పెట్టండి

ఫ్లేవనాయిడ్లను ఒంటరిగా వదిలితే రెండు మూడు శాతం దగ్గర ఆగిపోతాయి. జతగా కరిగే పీచు ఉంటే లెక్క మారుతుంది. లివర్ కొలెస్ట్రాల్‌తో పైత్యరసం తయారు చేస్తుంది. ఆ పైత్యరసంలోని ఆమ్లాలను పీచు పేగులోనే పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. లివర్‌కు మళ్లీ తయారు చేసుకోక తప్పదు, దానికి కావలసిన కొలెస్ట్రాల్ కోసం రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను లాక్కుంటుంది. ఈస్ట్రోజెన్ తగ్గడంతో తగ్గిన తలుపులు ఇలా మళ్లీ కొన్ని తెరుచుకుంటాయి.

ఓట్స్‌లో ఉండే బీటా గ్లూకాన్ అనే కరిగే పీచు రోజుకు 3 గ్రాములు తింటే ఎల్‌డీఎల్ సుమారు 5 శాతం తగ్గుతుంది. అంటే 75 గ్రాములకు అటూ ఇటుగా పొడి ఓట్స్. బార్లీ, చిక్కుళ్లు, సైలియం పొట్టు (ఇసబ్గోల్) కూడా ఇదే పని చేస్తాయి. 2003లో కెనడా పరిశోధకులు సోయా ప్రొటీన్, జిగురు పీచు, స్టెరాల్స్ అనే కొలెస్ట్రాల్‌ను పోలిన మొక్కల పదార్థాలు, బాదం గింజలు నాలుగూ కలిపిన తిండిని నెల రోజులు పెట్టి చూశారు. ఎల్‌డీఎల్ 28 శాతానికి పైగా తగ్గింది, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందుల్లో ఒకటైన లోవాస్టాటిన్ మాత్ర ఇచ్చిన గుంపులో తగ్గినదానికి దగ్గరగా. వాళ్లకు భోజనం లెక్క ప్రకారం అందించారు కాబట్టి అంత వచ్చింది. సొంతంగా వండుకుంటే సగం వచ్చినా మంచిదే.

మందులు వాడుతుంటే ఇవి సరిచూసుకోండి

థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు సోయాను దానికి నాలుగు గంటల దూరంలో ఉంచండి, లేకపోతే మాత్ర సరిగా ఒంటబట్టదు. సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్ వాడేవాళ్లు గ్రేప్‌ఫ్రూట్ జోలికి పోవద్దు, మందు రక్తంలో పేరుకుని కండరాల నొప్పులు రావచ్చు. రోసువాస్టాటిన్‌తో ఆ ఇబ్బంది పెద్దగా లేదు. బీపీకి నాడొలాల్ వాడుతుంటే గ్రీన్ టీ దాని పనిని తగ్గిస్తుంది. రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లు, టామోక్సిఫెన్ వాడుతున్నవాళ్లు మామూలు సోయా ఆహారం తినొచ్చనే ఎక్కువమంది నిపుణులు చెబుతున్నారు. ఐసోఫ్లేవోన్ మాత్రలు మాత్రం ఆంకాలజిస్టును అడగకుండా ముట్టుకోవద్దు.

హాట్ ఫ్లాషెస్ (ఒక్కసారిగా వచ్చే వేడి ఆవిర్లు) కోసమో మరోదానికో ఎవరైనా సప్లిమెంట్ తీసుకుంటూనే ఉంటే, డబ్బా వెనక్కి తిప్పి చూడండి. "గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్ 1000 మి.గ్రా." అని ముందు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అందులో ఈజీసీజీ అనే ముఖ్యమైన క్యాటెచిన్ ఎంతో వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఒక్కోసారి ఉండనే ఉండదు. మాత్రల ద్వారా ఈజీసీజీ రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకుంటే కొందరిలో లివర్ ఎంజైములు పెరుగుతున్నాయని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది. కప్పులో తాగే టీకి ఈ భయం లేదు. అంకె రాయని డబ్బాను కొనకపోవడమే మంచిది. కొలెస్ట్రాల్ కోసం లివర్‌ను పణంగా పెట్టడంలో అర్థం లేదు.

హార్మోన్ చికిత్స గురించి డాక్టర్‌తో మాట్లాడేటప్పుడు ట్రైగ్లిజరైడ్ల అంకె చెప్పండి. నోటి ద్వారా వేసుకునే ఈస్ట్రోజెన్ ఎల్‌డీఎల్‌ను దించుతుంది గానీ ట్రైగ్లిజరైడ్లను పెంచుతుంది, చర్మం మీద అంటించే ప్యాచ్‌తో ఆ పెరుగుదల పెద్దగా ఉండదు. కేవలం కొలెస్ట్రాల్ కోసమని మాత్రం ఎవరూ హార్మోన్లు ఇవ్వరు.

మళ్లీ పరీక్ష చేయించండి

8 నుంచి 12 వారాలు ఈ తిండి నడిచాక, వీలైతే అదే ల్యాబులో, అదే పద్ధతిలో లిపిడ్ ప్రొఫైల్ చేయించండి. మధ్యలో ప్రతి రెండు వారాలకూ పరిగెత్తొద్దు. ఏమీ మార్చకపోయినా ఎల్‌డీఎల్ ఒక పరీక్షకూ ఇంకో పరీక్షకూ 5 నుంచి 10 శాతం అటూ ఇటూ అవుతుంది. 146 నుంచి 141 వస్తే సంబరపడటానికీ లేదు, 150 వస్తే కుంగిపోవడానికీ లేదు. 125కు దిగితే మీ తిండి పనిచేస్తున్నట్టే. నాన్-హెచ్‌డీఎల్ కూడా దానితోపాటు దిగిందేమో చూడండి. బరువు, నడుము కొలత కూడా పక్కన రాయండి, ఎందుకంటే ట్రైగ్లిజరైడ్లను ఎక్కువగా దించేది నడుము తగ్గడమే. ఆ విషయంలో ఫ్లేవనాయిడ్ల పాత్ర చిన్నది.

ఇంకా మెనోపాజ్ దాటే దశలోనే ఉంటే ఒక చిక్కు ఉంది. తిండి ఎల్‌డీఎల్‌ను దించుతున్న సమయంలోనే ఈస్ట్రోజెన్ తగ్గుదల దాన్ని పైకి నెడుతూ ఉంటుంది. అందువల్ల అంకె కదలకుండా ఉన్నా తిండి పనిచేయడం లేదని అనలేం. చివరి నెలసరి తర్వాత రెండు మూడేళ్ల పాటు ఏటా పరీక్ష చేయించుకుంటే అసలు రూపం తెలుస్తుంది. మూడు నెలలు పద్ధతిగా చేశాక కూడా ఎల్‌డీఎల్ 160 పైనే ఉంటే, లేదా బీపీ, పొగతాగడం, ఇంట్లో చిన్నవయసులో గుండె జబ్బు వచ్చినవాళ్లు ఉండటం లాంటివి తోడైతే, రెండు రిపోర్టులూ పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. స్టాటిన్లు మోతాదును బట్టి ఎల్‌డీఎల్‌ను 30 నుంచి 50 శాతం దాకా దించుతాయి. మాత్ర మొదలుపెట్టాక సోయా, ఓట్స్ ఆపేయక్కర్లేదు. అవి కొనసాగితే తక్కువ మోతాదు సరిపోతుందేమో ఆ రెండు కాగితాలు చూపించి అడగండి.